చుట్టాలొచ్చి పసిబిడ్డను ఎగరేస్తుంటే: అండమాన్ తెలుగు ఇళ్లలో ఏది ఆట, ఏది ప్రమాదం?

మేనమామ గాల్లోకి ఎగరేసి పట్టుకుంటాడు. చిన్నాన్న రెండు చేతులూ పట్టుకుని గుండ్రంగా తిప్పుతాడు. తాతయ్య ఊపిరాడనంతగా చక్కిలిగిలి పెడతాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వుతుంటారు. తల్లి మాత్రం పక్కనే నిలబడి, చేయి ఎక్కడ జారుతుందోనని చూస్తుంటుంది.

వద్దంటే పెద్దవాళ్లు నొచ్చుకుంటారు. ఊరుకుంటే మనసు ఊరుకోదు. ఏడాది నుంచి మూడేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో ఇది కొత్తేమీ కాదు. అయితే సముద్రం మధ్యనున్న అండమాన్ నికోబార్ దీవుల్లో ఈ ఆందోళనకు మరికొన్ని కారణాలు తోడవుతాయి.

ఇంతకీ పసిపిల్లలను జోరుగా ఆడిస్తే నిజంగా ప్రమాదమా? ఏ ఆటతో ఏ దెబ్బ తగులుతుంది? ఎక్కడ ఆపాలి, ఎలా ఆపాలి?

అండమాన్‌లో తేడా ఏమిటి?

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల జనాభా 3,80,581. అందులో 13 శాతానికి పైగా, అంటే సుమారు 50 వేల మంది, తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నారు. బెంగాలీ, హిందీ, తమిళం తర్వాత నాలుగో స్థానం తెలుగుదే. ఈ కుటుంబాల్లో చాలావాటి మూలాలు శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల్లో ఉన్నాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్ లాంటి చోట్ల తెలుగు మత్స్యకార కుటుంబాలు ఎక్కువ. (2024 సెప్టెంబర్‌లో కేంద్ర ప్రభుత్వం పోర్ట్ బ్లెయిర్ పేరును శ్రీ విజయపురంగా మార్చింది.)

ఊరి నుంచి ఇక్కడికి రావడం తేలిక కాదు. ఓడలో అయితే రెండున్నర, మూడు రోజుల ప్రయాణం. విమానం త్వరగానే చేరుస్తుంది కానీ కుటుంబమంతా రావాలంటే ఖర్చు భారీగా ఉంటుంది. అందుకే తాతలు, మేనమామలు, పిన్నులు ఏడాదికో రెండేళ్లకో ఒకసారి వస్తారు. అన్నాళ్లు దాచుకున్న ముద్దంతా ఉన్న పది రోజుల్లోనే తీర్చుకోవాలనుకుంటారు.

బిడ్డ వైపు నుంచి చూస్తే పరిస్థితి వేరు. ఆ మేనమామను వీడియో కాల్‌లో చూసి ఉండొచ్చు కానీ, ఆ గొంతు, ఆ వాసన, ఆ చేతులు తనకు కొత్త. సాధారణంగా ఎనిమిది, తొమ్మిది నెలల వయసు నుంచి పిల్లల్లో కొత్తవాళ్లంటే బెరుకు మొదలవుతుంది. రెండో ఏడాదిలోనూ అది బలంగానే ఉంటుంది. సరిగ్గా ఆ వయసులోనే, వచ్చిన గంటలోపే, ఒక పెద్ద మనిషి ఎత్తుకుని గాల్లోకి విసిరితే బిడ్డకు అది ఆటలా అనిపించకపోవచ్చు.

భాష కూడా ఒక చిక్కే. దీవుల్లో వేర్వేరు భాషలవారిని కలిపేది హిందీ. ఇరుగుపొరుగు పిల్లల మధ్య పెరిగే తెలుగు బిడ్డ ‘వద్దు’ అనడానికి బదులు ‘నై’ అనొచ్చు. ఇంకా మాటలు సరిగ్గా రాని పిల్లలైతే మొహం తిప్పుకోవడంతోనే ఆ మాట చెబుతారు. రోజూ చూసే తల్లికి అది వెంటనే తెలుస్తుంది. నిన్న దిగిన చుట్టానికి తెలియకపోవచ్చు.

జోరు ఆట చెడ్డదేం కాదు

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. పిల్లలతో కలబడి ఆడటం, పట్టుకోవడం, పరిగెత్తించడం, ఉప్పుమూట ఎక్కించుకోవడం, గుర్రమై మోయడం హాని చేసే పనులు కావు. వాటివల్ల మేలే ఎక్కువ.

కెనడాలోని మాంట్రియల్ విశ్వవిద్యాలయ పరిశోధకుడు డేనియల్ పాకెట్ 2004లో ఒక ప్రతిపాదన చేశారు. తల్లి దగ్గర బిడ్డకు దొరికే ఓదార్పు ఎంత అవసరమో, తండ్రి ఆడించే కాస్త జోరైన ఆటల్లో దొరికే ధైర్యం కూడా అంతే అవసరమన్నది దాని సారాంశం. కొత్త పరిస్థితికి భయపడకుండా ముందుకు వెళ్లడం, హద్దు ఎక్కడుందో తెలుసుకోవడం పిల్లలు ఇలాంటి ఆటల్లో నేర్చుకుంటారని ఆయన వాదించారు. మన ఇళ్లలో ఆ పాత్రను తండ్రితో పాటు మేనమామ, చిన్నాన్న, తాతయ్య కూడా పంచుకుంటారు.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ కూడా 2018లో విడుదల చేసిన నివేదికలో ఆట పిల్లల మెదడు ఎదుగుదలకు ఎంత ముఖ్యమో వివరించింది.

అందుకని చుట్టాలను బిడ్డ దగ్గరకు రానివ్వకపోవడం పరిష్కారం కాదు. ఏ ఆటలో ఏ ప్రమాదం దాగి ఉందో తెలుసుకుంటే, ఆ ఒక్కదాన్నే మార్చి మిగతా ఆట సాగనివ్వొచ్చు.

ఎగరేస్తే మెదడు కదిలిపోతుందా?

తల్లిదండ్రులు ఎక్కువగా భయపడేది దీని గురించే. ‘షేకెన్ బేబీ సిండ్రోమ్’ గురించి ఎక్కడో చదివి ఉంటారు. ఆ తర్వాత బిడ్డను ఎవరు కాస్త ఊపినా గుండె ఝల్లుమంటుంది.

పసిబిడ్డను బలంగా కుదిపితే పుర్రె లోపల రక్తస్రావం కావొచ్చని బ్రిటన్ న్యూరోసర్జన్ నార్మన్ గుత్కెల్చ్ 1971లో రాశారు. అమెరికా రేడియాలజిస్ట్ జాన్ కాఫీ ఆ తర్వాతి సంవత్సరాల్లో దీన్ని మరింత వివరించారు. పసిపిల్లలకు తల బరువెక్కువ, మెడ కండరాల బలం తక్కువ. తల ముందుకూ వెనక్కూ వేగంగా విసిరినట్లు కదిలితే మెదడుకూ పుర్రెకూ మధ్యనున్న సన్నని సిరలు తెగుతాయి. కంటి లోపలి రెటీనాలో కూడా రక్తం చిమ్మొచ్చు. 2009 నుంచి అమెరికన్ అకాడమీ దీన్ని ‘అబ్యూజివ్ హెడ్ ట్రామా’, అంటే హింస వల్ల తలకు తగిలే గాయం, అని పిలవాలని సూచిస్తోంది.

అయితే ఇది ఆటలో జరిగేది కాదు. చూసేవారెవరికైనా ‘బిడ్డ చచ్చిపోతుంది’ అనిపించేంత బలంగా కుదిపితే వచ్చే గాయమని అమెరికన్ అకాడమీ చెప్పింది. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఎగరవేయడం, ఉయ్యాల ఊపడం, గతుకుల రోడ్డు మీద ప్రయాణం లాంటివాటి వల్ల ఇది రాదని వైద్యులు చెబుతారు. ఎక్కువ కేసుల్లో కారణం ఆట కాదు. ఆగని ఏడుపును భరించలేక, కోపంలో, విసుగులో కుదిపేయడమే.

ఈ రోగనిర్ధారణపైనా చర్చ ఉంది. కొన్ని లక్షణాలు కనిపించినంత మాత్రాన కుదపడం వల్లే జరిగిందని తేల్చడానికి ఉన్న శాస్త్రీయ ఆధారాలు పరిమితమని స్వీడన్ ప్రభుత్వ సంస్థ ఎస్‌బీయూ 2016లో నివేదిక ఇచ్చింది. దానితో విభేదించిన వైద్యులూ చాలామందే ఉన్నారు. కానీ పసిబిడ్డను బలంగా కుదపడం ప్రమాదకరమన్న విషయంలో ఎవరికీ భిన్నాభిప్రాయం లేదు.

కాబట్టి మేనమామ రెండుసార్లు ఎగరేశాడని రాత్రంతా నిద్ర మానుకోనక్కర్లేదు. ఏడాది లోపు బిడ్డలను, మెడ ఇంకా నిలవని పిల్లలను మాత్రం ఎగరేయడం అసలు వద్దు. పెద్ద పిల్లల విషయంలో అసలు ప్రమాదం మరోచోట ఉంది.

ఎత్తు, ఫ్యాను, జారే చేతులు

బిడ్డను ఎగరేసినప్పుడు ప్రమాదమంతా ఎత్తులోనే ఉంటుంది.

తలకు దెబ్బ తగిలిన పిల్లల్లో ఎవరికి సీటీ స్కాన్ అవసరమో తేల్చడానికి ఉత్తర అమెరికాలోని 25 ఆసుపత్రుల అత్యవసర విభాగాల్లో 42 వేల మందికి పైగా పిల్లలను పరిశీలించారు. ఆ ఫలితాలు 2009లో ‘ది లాన్సెట్’లో వచ్చాయి. రెండేళ్ల లోపు పిల్లలు మూడు అడుగుల కంటే ఎక్కువ ఎత్తు నుంచి పడితే దాన్ని తీవ్రమైన ప్రమాదంగానే లెక్కించాలని ఆ అధ్యయనం చెప్పింది.

ఇప్పుడు ఒక లెక్క వేసి చూడండి. సగటు ఎత్తున్న మనిషి భుజాల దాకా ఎత్తితేనే బిడ్డ నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. గాల్లోకి వదిలితే ఆరడుగులు దాటుతుంది. వందసార్లు పట్టుకున్న చేయి నూట ఒకటోసారి జారితే, బిడ్డ పడేది ఆ ఎత్తు నుంచే. అండమాన్ ఉక్కపోతలో చెమట పట్టిన చేతులు, స్నానం ముందు నూనె రాసిన బిడ్డ ఒళ్లు ఆ ప్రమాదాన్ని పెంచుతాయి. విందులో మందు తాగినవారి చేతికి బిడ్డను ఇవ్వకపోవడం మొహమాటపడాల్సిన విషయమే కాదు.

రెండోది సీలింగ్ ఫ్యాను. ఏడాది పొడవునా ఫ్యాను తిరిగే వేడి ప్రాంతాల్లో, పెద్దవాళ్లు ఎత్తినప్పుడో ఎగరేసినప్పుడో పిల్లల తలకు రెక్క తగలడం వైద్యులకు తెలిసిన గాయమే. ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్, మలేసియా వైద్యులు ఇలాంటి కేసులపై పరిశోధన పత్రాలు ప్రచురించారు. నెత్తి చర్మం చిట్లడంతో పాటు పుర్రె ఎముక లోపలికి నొక్కుకుపోయిన సందర్భాలు కూడా వాటిలో ఉన్నాయి. అండమాన్‌లోని పాత చెక్క ఇళ్లలో, రేకుల ఇళ్లలో కప్పు అంత ఎత్తుగా ఉండదు. బిడ్డను భుజాల మీద కూర్చోబెట్టుకుని గదిలోకి నడిచినా రెక్క అందేంత కిందికి ఫ్యాను వేలాడుతుంటుంది. గుమ్మం పైకమ్మీ కూడా అలాంటిదే.

నియమం తేలిక: ఫ్యాను ఉన్న గదిలో బిడ్డను తలకంటే ఎత్తుకు లేపకూడదు. భుజాల మీద ఎక్కించుకోవడం ఆరుబయటే.

చేతులు పట్టి తిప్పితే

గుండ్రంగా తిప్పే ఆటలో పిల్లలకు తరచూ తగిలే గాయం ఒకటుంది. వైద్యులు దీన్ని ‘పుల్డ్ ఎల్బో’ లేదా ‘నర్స్‌మెయిడ్స్ ఎల్బో’ అంటారు. మోచేతి దగ్గర కీలు కాస్త జారడమన్నమాట.

ముంజేతిలో బొటనవేలి వైపున్న ఎముక పైకొనను ఒక లిగమెంట్ ఉంగరంలా చుట్టి పట్టుకుని ఉంటుంది. ఏడాది నుంచి నాలుగేళ్ల లోపు పిల్లల్లో ఆ పట్టు వదులుగా ఉంటుంది. మణికట్టు పట్టుకుని ఒక్కసారిగా లాగినా, చేతులతో వేలాడదీసి ఊపినా ఎముక కొన ఆ ఉంగరంలోంచి కొద్దిగా జారుతుంది. ఐదేళ్లు దాటాక ఇది అరుదు.

బిడ్డ కెవ్వుమని ఏడ్చి, కాసేపటికి ఊరుకుంటుంది. కానీ ఆ చేయి కదపదు. కాస్త వంచి, ఒంటికి ఆనించి ఉంచుకుంటుంది. బొమ్మ ఇస్తే రెండో చేత్తోనే అందుకుంటుంది. వాపు, కమిలిన గుర్తు సాధారణంగా కనిపించవు. అందుకే పెద్దవాళ్లు ‘మారాం చేస్తోంది’ అనుకుంటారు.

శిక్షణ ఉన్న వైద్యుడు ముంజేతిని ఒక పద్ధతిలో తిప్పి దీన్ని క్షణాల్లో సరిచేస్తారు. పది, పదిహేను నిమిషాల్లో బిడ్డ ఆ చేత్తో ఆడుకోవడం మొదలుపెడుతుంది. చాలా సందర్భాల్లో ఎక్స్‌రే కూడా అక్కర్లేదు. కానీ పడటం వల్ల దెబ్బ తగిలినా, వాపు ఉన్నా ఎముక విరిగి ఉండొచ్చు. అప్పుడు ఎక్స్‌రే తప్పనిసరి. ఇంట్లో ఎవరూ చేయి లాగి ‘సరిచేసే’ ప్రయత్నం చేయకూడదు. పుత్తూరు కట్టును నమ్మే కుటుంబాల్లోనూ ముందు ఎముక సంగతి వైద్యుడితో తేల్చుకోవడమే మంచిది.

ఒకసారి కీలు జారిన చేయి మళ్లీ జారే అవకాశం ఎక్కువ. ఆ బిడ్డను ఎత్తేటప్పుడు చంకల కింద చేతులు వేసి ఎత్తాలన్న సంగతి ఇంటికొచ్చే ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

నలుగు, నూనె, తలకిందుల విన్యాసాలు

ఆట పేరుతో జరగని మోటుదనం ఒకటుంది. అది స్నానం దగ్గర కనిపిస్తుంది.

కాళ్లు చాపుకుని వాటి మీద బిడ్డను పడుకోబెట్టి నూనె రాసి, నలుగు పెట్టి నీళ్లు పోయడం తరతరాలుగా వస్తున్న పద్ధతి. మెత్తగా చేస్తే మసాజ్ బిడ్డకు హాయినిస్తుంది, నిద్ర పట్టిస్తుంది. దానితో ఇబ్బంది లేదు.

ఇబ్బంది తర్వాత చేసే పనులతో వస్తుంది. కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీయడం, ఎడమ కాలినీ కుడి చేతినీ బలంగా లాగి కలపడం, తల గుండ్రంగా రావాలని నొక్కడం, ముక్కు సాగదీయడం, చెవుల్లో ముక్కుల్లో నూనె పోయడం లాంటివి కొన్ని ఇళ్లలో ఇప్పటికీ ఉన్నాయి. వీటివల్ల మేలు జరుగుతుందనడానికి ఆధారం లేదు. తలకిందులు చేసినప్పుడు నూనె పట్టిన కాళ్లు జారొచ్చు. ముక్కులో పోసిన నూనె ఊపిరితిత్తుల్లోకి వెళ్తే ప్రమాదకరమైన న్యుమోనియా రావొచ్చు. నడినెత్తి మీద మెత్తగా ఉండే మాడు చాలామంది పిల్లల్లో ఏడాది నుంచి ఏడాదిన్నర మధ్య పూడుతుంది. అప్పటి దాకా అక్కడ నొక్కకూడదు.

‘నవ్వుతోంది కదా’ అంటే?

చక్కిలిగిలి పెట్టేవారు ఇచ్చే సమాధానం ఇదే. కానీ చక్కిలిగిలికి వచ్చే నవ్వు చాలావరకు అసంకల్పితం. ఇష్టం లేకపోయినా నవ్వు వస్తుంది. జోకుకు వచ్చే నవ్వూ, చక్కిలిగిలికి వచ్చే నవ్వూ ఒకటేనా అన్నదానిపై కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ మనస్తత్వవేత్త క్రిస్టీన్ హ్యారిస్ 1990లలో ప్రయోగాలు చేశారు. రెండూ ఒకటే అనుకోవడానికి ఆధారాలు కనిపించలేదని చెప్పారు.

అందుకే నవ్వొక్కటే చూసి నిర్ణయించుకోకూడదు. మొహం పక్కకు తిప్పుకోవడం, ఒళ్లు బిగదీసుకోవడం, వీపు విల్లులా వంచడం, చేతులతో తోసేయడం, తల్లి వైపు చేతులు చాపడం, నవ్వు మధ్యలో గొంతు కీచుగా మారడం... ఇవన్నీ ‘చాలు’ అని చెప్పడమే.

తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. ఆట ఆపి, చేతులు వెనక్కి తీసుకుని, మూడు నాలుగు క్షణాలు ఆగాలి. బిడ్డ మళ్లీ దగ్గరకొచ్చి చేతులు చాపితే ఆట సాగించొచ్చు. తల్లి కొంగు వెనక్కి వెళ్లిపోతే ఆట అయిపోయినట్లే.

దీనికి దూరపు ప్రయోజనం కూడా ఉంది. తాను వద్దంటే పెద్దవాళ్లు ఆగుతారని రెండేళ్లప్పుడే తెలుసుకున్న బిడ్డకు, తన ఒంటిని ఎవరు ఎలా తాకాలో చెప్పే హక్కు తనకుందని పెద్దయ్యాక కొత్తగా నేర్పక్కర్లేదు. ‘వద్దు’ అన్న ప్రతిసారీ నలుగురూ నవ్వి ఇంకాస్త ఎక్కువ చేస్తే, బిడ్డ నేర్చుకునేది దానికి సరిగ్గా వ్యతిరేకం.

బీచ్‌కి వెళ్లినప్పుడు

ఊరి నుంచి చుట్టాలొస్తే కార్బిన్స్ కోవ్‌కో, స్వరాజ్ ద్వీప్ (హేవ్‌లాక్)కో వెళ్లడం మామూలే. భయం పోగొట్టాలని బిడ్డను అలల్లో ముంచి తీయడం, ఎగరేసి నీళ్లలో వదలడం అక్కడ కనిపించే మోటు ఆట. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం నీట మునిగి చనిపోయే ముప్పు ఒకటి నుంచి నాలుగేళ్ల పిల్లల్లోనే అత్యధికం. మునిగే బిడ్డ సినిమాల్లోలా కేకలు పెట్టదు, చప్పుడు లేకుండా మునిగిపోతుంది.

నలుగురు పెద్దవాళ్లున్నప్పుడు ‘ఎవరో ఒకరు చూస్తున్నారులే’ అని అందరూ అనుకునే ప్రమాదం ఉంది. అందుకే నీటి దగ్గర బిడ్డ బాధ్యత ఒక్కరిదే అని పేరు పెట్టి చెప్పాలి. వారు చేయి చాస్తే బిడ్డ అందేంత దూరంలో ఉండాలి. మొసళ్ల హెచ్చరిక బోర్డులున్న చోట పిల్లలను నీటి దగ్గరకే తీసుకెళ్లకూడదు.

పెద్దవాళ్లకు చెప్పేదెలా?

‘ఏటీ అవదులే, మిమ్మల్నందర్నీ ఇలాగే పెంచాం కదేటి’ అన్న మాట ఉత్తరాంధ్ర మూలాలున్న ఇళ్లలో తరచూ వినిపిస్తుంది. దానికి ఎదురు వాదన మొదలుపెడితే విషయం బిడ్డ నుంచి పెంపకం మీదికి, అక్కడి నుంచి ‘మీ వాళ్లు, మా వాళ్లు’ దాకా వెళ్తుంది. ముఖ్యంగా అత్తవారింటి పెద్దలకు కోడలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఇది ఇంకా కష్టం. అందుకే కొన్ని పద్ధతులు ముందే అనుకోవడం మేలు.

ఎవరి వైపు చుట్టాలకు వారే చెప్పడం మొదటిది. భర్త తన తమ్ముడికి, భార్య తన అన్నకు చెబితే మాట మాటగానే ఉంటుంది.

చుట్టాలు రాకముందే చెప్పడం రెండోది. ‘పాపకు ఈ మధ్య కొత్తవాళ్లంటే బెరుకుగా ఉంది మావయ్యా, ముందు ఒక పూట దగ్గర కూర్చుని ఆడించండి, అదే వచ్చేస్తుంది’ అని ఫోన్‌లో చెప్పిన మాట, అందరి ముందూ చేయి పట్టుకుని ఆపిన దానికంటే గౌరవంగా ఉంటుంది.

వద్దనడంతో ఆగకుండా వేరే ఆట చేతికివ్వడం మూడోది. ఎగరేసే బదులు నేల మీద దిండ్ల మధ్య దొర్లించడం, చేతులు పట్టి తిప్పే బదులు ఒంటిని హత్తుకుని తిరగడం, చక్కిలిగిలి బదులు దాగుడుమూతలు, కాళ్లాగజ్జి, తారంగం. తాతయ్యకు బిడ్డ నవ్వు కావాలి. ఆ నవ్వు వీటిలోనూ దొరుకుతుంది.

నాలుగోది కారణాన్ని వస్తువు మీదికి నెట్టడం. ‘ఫ్యాను కిందికుంది బాబాయ్’, ‘చేయి కీలు జారుతుందని డాక్టర్ చెప్పారు’ అంటే ఎదుటివారి ప్రేమను ఎవరూ శంకించినట్లు అనిపించదు.

ఇవేవీ పని చేయకపోతే నేరుగా వెళ్లి బిడ్డను ఎత్తుకోవాలి. కాసేపటి ఇబ్బందిని కుటుంబం తట్టుకోగలదు.

దెబ్బ తగిలితే దీవుల్లో ఏం చేయాలి?

పోర్ట్ బ్లెయిర్‌లో సెల్యులార్ జైలు పక్కనే ఉన్న జీబీ పంత్ ఆసుపత్రి దీవులన్నిటికీ ప్రధాన రిఫరల్ ఆసుపత్రి. మాయాబందర్‌లో, కార్ నికోబార్‌లో జిల్లా స్థాయి ఆసుపత్రులు, మిగతా చోట్ల ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలు ఉన్నాయి. ఇక్కడ లేని చికిత్స అవసరమైతే చెన్నై లాంటి నగరాలకు పంపుతారు.

అయితే బయటి దీవుల నుంచి పోర్ట్ బ్లెయిర్ చేరడానికి సమయం పడుతుంది. పడవలకు నిర్ణీత వేళలుంటాయి. వాతావరణం బాగోకపోతే పడవలు, హెలికాప్టర్లు ఆగిపోతాయి. ఉత్తర, మధ్య అండమాన్ నుంచి వచ్చే రోడ్డు జారవా రిజర్వు గుండా వెళ్తుంది. అక్కడ వాహనాలను కాన్వాయ్‌లుగా, నిర్ణీత సమయాల్లోనే అనుమతిస్తారు. కాబట్టి ‘పొద్దున దాకా చూద్దాం’ అన్న నిర్ణయం ప్రధాన భూభాగంలో కంటే ఇక్కడ ఎక్కువ ఖరీదైనది. అనుమానం ఉంటే ఆఖరి పడవ వెళ్లకముందే దగ్గరి ఆరోగ్య కేంద్రంలో చూపించి, పంపాలో వద్దో వైద్యుడినే తేల్చమనాలి.

తలకు దెబ్బ తగిలాక ఈ కింది వాటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకూడదు:

• స్పృహ తప్పడం, కొద్ది క్షణాలే అయినా
• మళ్లీ మళ్లీ వాంతులు
• లేపినా సరిగ్గా లేవకపోవడం, మత్తుగా ఉండటం
• మూర్ఛ
• చెవి, ముక్కు నుంచి రక్తం లేదా నీరులాంటి ద్రవం
• రెండేళ్ల లోపు పిల్లల్లో నుదురు కాకుండా తల పక్కన, వెనక మెత్తటి వాపు
• మాడు ఉబ్బడం
• కాలు, చేయి కదపకపోవడం
• ‘బిడ్డ ఎప్పటిలా లేదు’ అని తల్లిదండ్రులకు అనిపించడం

చివరిది ఉత్త భయమని కొట్టిపారేయకూడదు. లాన్సెట్ అధ్యయనంలో రెండేళ్ల లోపు పిల్లలకు పరిశీలించాల్సిన అంశాల జాబితాలో అదీ ఉంది. ఏ లక్షణమూ లేకపోయినా ఒకటి రెండు రోజులు గమనిస్తూ ఉండాలి. మామూలు వేళకు బిడ్డను పడుకోనివ్వొచ్చు. మధ్యలో లేపితే లేస్తోందో లేదో చూసుకోవాలి.

మరో ముఖ్య విషయం, వైద్యుడి దగ్గర నిజం చెప్పడం. ఎగరేస్తూ వదిలేసిన చుట్టాన్ని కాపాడాలని ‘మంచం మీది నుంచి పడింది’ అని చెబితే, ఎత్తు తక్కువే అనుకుని వైద్యుడు ప్రమాదాన్ని తక్కువగా అంచనా వేయొచ్చు. లేదా చెప్పిన కథకూ గాయానికీ పొంతన కుదరక ఇంట్లో హింస జరిగిందేమోనని అనుమానించొచ్చు. రెండూ బిడ్డకు నష్టమే. ఎవరి చేతుల్లోంచి, ఎంత ఎత్తు నుంచి, దేని మీద పడిందో ఉన్నదున్నట్లు చెప్పాలి.

ఎప్పుడు ఇది ఆట కాదు?

బిడ్డ ఏడుస్తున్నా కావాలని కొనసాగించడం, ఏడుపు ఆపాలని కుదపడం, ‘గట్టిపడాలి’ అంటూ కొట్టడం, ఒంటరిగా తీసుకెళ్లి ఆడించాలని పట్టుబట్టడం, ఒకే వ్యక్తి దగ్గర పదేపదే దెబ్బలు తగలడం... ఇవి మోటు ఆట పరిధిలోకి రావు. ఒకరిని చూడగానే బిడ్డ ప్రతిసారీ బెదిరిపోతుంటే, చుట్టరికం పక్కన పెట్టి కారణం వెతకాలి.

పిల్లల బాధ్యత చేతిలో ఉన్నవారు కావాలని వారిని హింసిస్తే జువెనైల్ జస్టిస్ చట్టం, 2015లోని 75వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ విధించొచ్చు. గాయం తీవ్రతను బట్టి శిక్ష ఇంకా పెరుగుతుంది. లైంగిక వేధింపులకు పోక్సో చట్టం, 2012 వర్తిస్తుంది. సాయం కోసం చైల్డ్ హెల్ప్‌లైన్ 1098కు, అత్యవసరమైతే 112కు ఫోన్ చేయొచ్చు.

చాలా ఇళ్లలో విషయం అంత దూరం వెళ్లదు. అక్కడ ఉండేది ప్రేమే, దాన్ని చూపించే తీరులోనే తేడా. చుట్టాలు దిగిన మొదటి రోజు బిడ్డను ఎవరి చేతికీ అందించకుండా, నేల మీదే వదిలి, వచ్చినవాళ్లను పక్కన కూర్చోమంటే సగం చిక్కు తీరిపోతుంది. ఒక పూటకో, రెండు పూటలకో బిడ్డే బొమ్మ తెచ్చి వాళ్ల చేతిలో పెడుతుంది.